ఒకటో తారీఖు చుట్టూ పెన్సిల్ గీత

మా వీధి చివరింటి పెద్దమ్మ గోడ క్యాలెండర్ చూస్తే ఆమె నెలంతా తెలిసిపోతుంది. ఒకటో తారీఖు చుట్టూ పెన్సిల్‌తో సున్నా, అది పింఛను రోజు. ఐదో తారీఖు మీద అడ్డగీత, డ్వాక్రా వాయిదా. పదో తారీఖు పక్కన చుక్క, చీటీ పాట. భర్త పోయి పదేళ్ళు దాటింది. కౌలుకి చేసుకునే కొడుకు, కూలికి వెళ్ళే కోడలు, బడికెళ్ళే ఇద్దరు మనవలు. 2024 జులైలో ఆంధ్రప్రదేశ్‌లో పెంచిన 4,000 రూపాయల పింఛను ఇళ్ళకు చేరడం మొదలైంది. ఆ తర్వాత ఓసారి అడిగాను, "ఏం మారింది పెద్దమ్మా?" అని. మందులనో పాలనో చెబుతుందనుకున్నాను. "కిరాణా కొట్టాయన ఎప్పుడిస్తావని అడగడం మానేశాడ్రా" అంది.

ఒకటో తారీఖు సంగతి కొట్టాయనకూ తెలుసు మరి. ఆ తేదీయే ఆమెకు పూచీకత్తు అయింది. ఆ ధైర్యంతోనే నెలకు 500 చొప్పున ఇరవై నెలల చీటీలో చేరింది. వంటింటి మీది తాటాకు తీసేసి రేకులు వేయించాలని ఆమె ఆలోచన.

పేదవాళ్ళకు ముందుచూపు ఉండదు, చేతికొచ్చింది చేతికొచ్చినట్టే ఖర్చుపెట్టేస్తారు అనే మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఆ మాట అన్నవాళ్ళు ఏ పేదింటి ఇల్లాలి పక్కనా ఒక్క సాయంత్రం కూర్చుని ఉండరు. బియ్యం ఎన్ని రోజులొస్తాయి, ఎవరి దగ్గర చేబదులు అడగాలి, ఏ అప్పు ముందు తీర్చాలి, ఏది ఆపొచ్చు అన్న లెక్క ఆ ఇళ్ళలో తెల్లవార్లూ నడుస్తూనే ఉంటుంది. అయితే ఏ లెక్కకైనా రెండు అంకెలు కావాలి. ఎంత వస్తుంది, ఎప్పుడు వస్తుంది. కూలి పని ఆ రెండూ చెప్పదు. వాన చెప్పదు, మార్కెట్ ధర అసలే చెప్పదు. అందుకే ఎంత తెలివైన ఇల్లాలి లెక్కయినా వారం దాటి ముందుకు పోదు. నేరుగా చేతికందే నగదు ఆ ఇంటికి మొట్టమొదటిసారి ఈ రెండు అంకెలనూ ఇస్తుంది. అప్పుడు ఏం జరుగుతుందో ఈ పదిహేనేళ్ళలో కొందరు ఊళ్ళకు వెళ్ళి ఓపికగా కొలిచారు.

తమిళనాడులో విల్లుపురం, తిరువణ్ణామలై ప్రాంతాల చెరకు రైతులతో మొదలుపెడదాం. చెరకు డబ్బు ఏడాదికొకసారే వస్తుంది. ఫ్యాక్టరీ ఒకేసారి అందరి చెరకూ తీసుకోలేదు కాబట్టి రైతులు వంతులవారీగా నరకాలి. దాంతో ఒకే నెలలో ఒకరి చేతిలో డబ్బుంటుంది, పక్క గట్టు రైతు ఇంకా ఎదురుచూస్తూ ఉంటాడు. ఎండా వానా ఇద్దరికీ ఒకటే. ఆనంది మణి, సెంధిల్ ముల్లైనాథన్, ఎల్దార్ షఫీర్, జియాయింగ్ జావో అనే పరిశోధకులు ఈ సందును పట్టుకున్నారు. 54 ఊళ్ళలో 464 మంది రైతులను పంట డబ్బు రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి పరీక్షించారు. ఫలితాలు 2013లో సైన్స్ పత్రికలో వచ్చాయి.

అందులో ఒక పరీక్ష చదువు అంతగా రాకపోయినా చేయగలిగేది. కార్డు మీద 5 5 5 అని ఉంటుంది. ఎన్ని అంకెలున్నాయో చెప్పాలి. జవాబు మూడు. నోరు మాత్రం ఐదు అనడానికి తొందరపడుతుంది. మీరూ ఒకసారి కాగితం మీద 2 2 2 2, 4 4, 3 3 3 3 3 అని వరసగా రాసుకుని గబగబా చెప్పి చూడండి, నాలుక ఎక్కడ తడబడుతుందో తెలుస్తుంది. ఆ తొందరను ఆపుకోవడానికి మనసులో కొంత ఖాళీ కావాలి. పంట డబ్బు రాకముందు రైతులకు ఈ పరీక్ష పూర్తిచేయడానికి సగటున 146 సెకన్లు పట్టింది, వచ్చాక 131. బొమ్మల్లో తప్పిపోయిన ముక్కను పోల్చుకునే ఇంకో పరీక్షలో సరైన జవాబులు 4.35 నుంచి 5.45కి పెరిగాయి. ఈ అంకెల పక్కన మరో రెండు పెట్టి చూడాలి. కోతకు ముందు నూటికి 78 మంది ఏదో ఒక వస్తువు తాకట్టు పెట్టి ఉన్నారు, కోత తర్వాత నలుగురే. అప్పున్నవాళ్ళు 99 మంది నుంచి 13 మందికి తగ్గారు. కొద్ది నెలల్లో మనిషి తెలివి మారిపోదు. తాకట్టు కొట్లో ఉన్న కమ్మలు తలలో తిరగడం మానేస్తే, ఆ చోటు వేరే ఆలోచనకు దొరికిందంతే.

ఇదొక్కటే చూసి తీర్పు చెప్పేయడం సరికాదు. అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళను జీతం రోజుకు ముందూ తర్వాతా పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఇలాంటి తేడా కనిపించలేదు. నాకైతే రెండు వారాల జీతం కోసం చూడటం వేరు, ఏడాది పంట కోసం కళ్ళు కాయలు కాసేలా చూడటం వేరు అనిపిస్తుంది.

ఒడిశాలో జరిగిన పరిశోధన ఈ ప్రశ్నను ఇంకొంచెం దగ్గరగా చూసింది. పనులు దొరకని కాలంలో నాలుగు వందల మందికి పైగా కూలీలతో విస్తళ్ళు కుట్టించారు. మన పల్లెల్లో అడ్డాకు కుట్టినట్టే, ఆకు మీద ఆకు సర్ది సన్నటి పుల్లతో గుచ్చుకుంటూ పోవాలి. ఎన్ని విస్తళ్ళు కుడితే అంత కూలి. రావాల్సిన కూలిలో కొంత భాగం, సుమారు 1,400 రూపాయలు, కొందరికి ముందుగా ఇచ్చారు, మిగతావాళ్ళకు చివర్లో ఇచ్చారు. మొత్తం కూలిలో తేడా లేదు, అందిన రోజులోనే తేడా. ముందుగా అందుకున్నవాళ్ళు వెంటనే చేసిన పని అప్పులు తీర్చడం. ఆ మర్నాటి నుంచి వాళ్ళ పని సగటున 7 శాతం పెరిగింది, మరీ పేదవాళ్ళలో 13 శాతం దాకా వెళ్ళింది. విస్తళ్ళను ఒక్కొక్కటే తిప్పి చూస్తే ఒకేచోట రెండుసార్లు పొడిచిన చిల్లులు, అక్కర్లేకుండా వాడిన ఆకులు, ఎక్కువైన కుట్లు తగ్గాయి. అప్పులవాడు గుమ్మంలో నిలబడతాడన్న బెంగ తగ్గగానే వేళ్ళు కుదురుగా ఆడాయి. ఈ వరస పరిశోధనల్లో నన్ను ఎక్కువ కదిలించింది ఈ విస్తరే.

ఇక ముందుచూపు దగ్గరికి వద్దాం. కెన్యాలో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, తవ్‌నీత్ సూరి తదితరులు పరిశీలిస్తున్న పథకంలో కొన్ని ఊళ్ళలో పెద్దవాళ్ళందరికీ తలా నెలకు సుమారు 22.50 డాలర్లు ఇచ్చారు. కొన్ని ఊళ్ళవాళ్ళకు ఇది రెండేళ్ళే అని చెప్పారు. ఇంకొన్ని ఊళ్ళకు పన్నెండేళ్ళు వస్తుందన్నారు. రెండేళ్ళు గడిచేసరికి రెండు రకాల ఊళ్ళకూ చేరిన డబ్బు సమానమే. తేడా అంతా మునుముందు వస్తుందన్న మాటలోనే ఉంది. ఆ ఒక్క మాటకు ఊళ్ళు వేరువేరుగా నడిచాయి. పన్నెండేళ్ళ భరోసా ఉన్నవాళ్ళు కొత్త వ్యాపారాలు ఎక్కువగా పెట్టారు. ఇంకా రాని డబ్బు ఈ రోజు నిర్ణయాన్ని మార్చగలదని ఇంత తేటగా చూపించిన పరిశోధన నాకు ఇంకొకటి కనబడలేదు.

నెలనెలా వచ్చే చిన్న మొత్తాన్ని వాళ్ళు పెట్టుబడిగా ఎలా మార్చారు? మన పెద్దమ్మ మార్చినట్టే. పది మంది కూడి నెలకింత వేసి, వంతులవారీగా ఒక్కరు మొత్తం ఎత్తుకునే చీటీల్లో చేరారు. వచ్చే నెలా కట్టగలనని నమ్మకం ఉంటేనే ఎవరైనా చీటీలో కూర్చుంటారు, పక్కవాళ్ళు కూర్చోనిస్తారు. రెండేళ్ళకు ఆగిపోతుందని తెలిసినవాళ్ళకు ఆ ధైర్యం తక్కువ. వాళ్ళ ఇళ్ళలోనూ తిండి మెరుగుపడింది, వ్యాపారాలు మాత్రం అంతగా రాలేదు. 500 డాలర్లు ఒక్కసారే అందుకున్న మూడో రకం ఊళ్ళలో కూడా వ్యాపారాలు పెరిగాయి. డబ్బొచ్చిందని పని మానేస్తారన్న భయం ఏ రకం ఊళ్ళోనూ నిజం కాలేదు.

అంతకుముందు అదే దేశంలో రారియెడా ప్రాంతంలో గడ్డి కప్పు ఇళ్ళవాళ్ళకు నగదు ఇచ్చి చూసినప్పుడు, నెలనెలా అందినవాళ్ళలో తిండి మెరుగుపడింది. ఒక్కసారే అందినవాళ్ళు ఇనప రేకులు కొన్నారు. ఏటా గడ్డి మార్చే ఖర్చు పోతుందని వాళ్ళ లెక్క. మా వీధి చివరి వంటింటికీ ఆ ఊళ్ళకూ మధ్య ఒక సముద్రం ఉంది, లెక్క మాత్రం ఒకటే. అందుకే కూటికైతే నెలనెలా, పెట్టుబడికైతే ఒక్కసారిగా ఇవ్వడం మేలని నా అభిప్రాయం. తాగుడు సంగతి ఎవరో ఒకరు తప్పకుండా ఎత్తుతారు. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు వేర్వేరు దేశాల్లోని 19 అధ్యయనాలను కలిపి చూశారు. నగదు అందడం వల్ల మద్యం, పొగాకు ఖర్చు పెరిగినట్టు తేలలేదు.

మన దేశంలో ఈ ప్రయత్నం 2011లో మధ్యప్రదేశ్ పల్లెల్లో జరిగింది. 'సేవా' (SEWA) అనే మహిళా సంస్థ యూనిసెఫ్ సాయంతో సుమారు 6,000 మందికి, పెద్దలకు నెలకు 200, పిల్లలకు 100 రూపాయలు ఇచ్చింది. ఏడాది తర్వాత అవి 300, 150 అయ్యాయి. ఈ పనిలో ముందున్నవాళ్ళలో హైదరాబాద్‌కు చెందిన సామాజిక శాస్త్రవేత్త శరత్ దావల ఒకరు. అంత చిన్న మొత్తంతోనే కొందరు కూలి పనులు తగ్గించుకుని సొంత చెలకలో పని పెంచుకున్నారు. విత్తనాలు, ఎరువులు, మేకలు కొనుక్కున్నారు. అప్పుల బరువు కొంత దిగింది.

అప్పు దిగడం అంటే ఏమిటో మన వైపు లెక్కలో చూడండి. ఏరువాకకు 20,000 మూడు రూపాయల వడ్డీకి తెస్తే ఆరు నెలలకు వడ్డీయే 3,600. పైగా అప్పిచ్చిన వ్యాపారికే ధాన్యం కళ్ళంలోనే, అతను చెప్పిన ధరకే కొలవాలి. నెల ఆగి అమ్ముకునే వీలు ఉండదు. అదే రైతు చేతిలో అదునుకు 10,000 ఉంటే సగం వడ్డీ మిగులుతుంది, దాంతో పాటు ఎవరికి అమ్మాలో తేల్చుకునే హక్కు కూడా కొంత మిగులుతుంది. 2018 మే 10న తెలంగాణలో మొదలైన రైతుబంధు పంటకు ఎకరాకు 4,000 చొప్పున, మరుసటి ఏడాది నుంచి 5,000 చొప్పున ఇచ్చింది పెట్టుబడికే. ఆ ఆలోచన బలం దుక్కి కాలానికి డబ్బు అందాలనడంలో ఉంది. కానీ అది పట్టా ఉన్నవాళ్ళకే చేరింది. నాగలి పట్టింది కౌలు రైతయితే అతని ఫోన్ మోగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 రైతు భరోసా కొన్ని వర్గాల కౌలు రైతులనూ చేర్చుకుంది. సాగుదారు కార్డుకు భూమి యజమాని సంతకం కావాలన్నారు. మా పెద్దమ్మ కొడుకు రెండుసార్లు కాగితం పట్టుకెళ్ళి సంతకం లేకుండానే తిరిగొచ్చాడు. అతను ఆ జూన్‌లోనూ మూడు రూపాయల వడ్డీకే తెచ్చాడు.

తేదీ ఖాయంగా లేకపోతే ఇచ్చిన డబ్బు కూడా సగం వాన లాంటిదే. పీఎం కిసాన్ ఏడాదికి 6,000 రూపాయలు, నాలుగు నెలలకొక 2,000. ఆ నాలుగు నెలల్లో ఏ రోజో ప్రకటన వచ్చేదాకా తెలియదు. నాట్లకు ముందు పడితే అది ఎరువు, నాట్లయ్యాక పడితే పాత బాకీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది జిల్లాల్లో ఉపాధి హామీ కూలికి స్మార్ట్‌కార్డులు పెట్టినప్పుడు చెల్లింపులు అంతకుముందు కంటే త్వరగా, తక్కువ హెచ్చుతగ్గులతో రావడం మొదలైందని ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం తేల్చింది. ఆ బృందమే రైతుబంధు చెక్కుల పంపిణీలో ఇంకా తేలికైన పని చేసి చూసింది. కొన్ని మండలాల వ్యవసాయాధికారులకు, మీ రైతులకు ఫోన్ చేసి చెక్కు అందిందా, ఎప్పుడు అందిందని అడుగుతామని ముందే చెప్పారు. అక్కడ సకాలంలో చెక్కు అందుకున్నవాళ్ళు పెరిగారు. పెరుగుదల చిన్నదే, ఖర్చు దానికంటే చాలా చిన్నది.

ఉగాదికి పంచాంగం వినేటప్పుడు ఆ ఏడు వానలెన్ని పాళ్ళో చెవి ఒగ్గి వింటాం. ఏ పథకం డబ్బు ఏ తారీఖున పడుతుందో ప్రభుత్వాలు ఆ రోజే ఊరి సచివాలయం గోడ మీద రాయించవచ్చు, రాసిన రోజు దాటితే ఎవరికి ఫోన్ చేయాలో దాని కిందే రాయించవచ్చు. మా వీధి చివరింట్లో పెన్సిల్ ఎప్పుడూ క్యాలెండర్ మేకుకే వేలాడుతూ ఉంటుంది.