గౌను తొడుక్కున్న అబ్బాయి

లండన్‌లోని నేషనల్ గ్యాలరీలో హోగార్త్ 1742లో చిత్రించిన 'గ్రాహం పిల్లలు' అనే పెద్ద పటం ఉంది. అందులో ఎడమవైపు గౌనుతో కూర్చున్న పాపను చూసి మీరు ఆడపిల్ల అనుకుంటారు. కాదు, థామస్ అనే మగపిల్లవాడు! ఆనాడు ఇంగ్లండులో మగపిల్లలకు కూడా నాలుగైదేళ్లు వచ్చేదాకా గౌన్లే. పక్క తడిపే వయసులో బొత్తాల లాగు విప్పడం కంటే అదే సులువు కదా! పాపం, పటం పూర్తయ్యేలోగా థామస్ చనిపోయాడు. వెనుక గడియారం మీద కొడవలి పట్టుకున్న బొమ్మ మృత్యువుకు గుర్తు.

ఇక అతని అక్కల నడుములు చూడండి. అంత సన్నగా, నిటారుగా ఉండటం సహజం కాదు. ఆ కాలపు ఆడపిల్లలకు లోపల 'తిమింగలపు ఎముక' బద్దలు కూర్చిన బిగుతు రవిక తొడిగేవారు. పేరుకే ఎముక. నిజానికది తిమింగలం నోటిలోని జల్లెడ పలక, మన గోళ్లలో ఉండే కెరటిన్. వేడిచేసి వంచితే, చల్లారాక ఆ వంపులోనే నిలుస్తుంది. పక్కటెముకలు ఎదిగే వయసులో ఇలా బిగిస్తే ఊపిరితిత్తులు ఎలా విప్పారతాయి? వైద్యం చదివిన తత్త్వవేత్త జాన్ లాక్ 1693లోనే ఈ సంగతి హెచ్చరించాడు. పెద్దలు చెవిన పెట్టడానికి వందేళ్లు పట్టింది!

1794 నాటి లారెన్స్ చిత్రం 'పింకీ'లో పదకొండేళ్ల అమ్మాయి పల్చని తెల్ల మస్లిన్ గౌనులో హాయిగా నిలబడి ఉంటుంది. అటువంటి బట్టకు అప్పట్లో పేరుపొందినవారు వంగదేశపు నేతగాళ్లు.