గిన్నెలో ఎంత పడుతోంది?

కుక్కనో పిల్లినో కొత్తగా తెచ్చుకున్నవారు పశువైద్యుణ్ణి ముందుగా అడిగేది ఏ కంపెనీ ఫుడ్ మంచిదని. ఎంత పెట్టాలన్న ప్రశ్న చాలామందికి తట్టదు. నిజానికి ముందు అడగాల్సింది అదే. అమెరికాలో ప్యూరినా సంస్థ పరిశోధకులు 48 లాబ్రడార్ పిల్లల్ని, ఒకే ఈతలో పుట్టినవి జతలయ్యేలా విడదీసి, జీవితాంతం ఒకే రకం ఆహారం పెట్టారు. తేడా ఒక్కటే: జతలో ఒకదానికి, రెండోది తిన్నదానికంటే పాతిక శాతం తక్కువ. 2002లో ఫలితాలు వెలువడ్డాయి. ఎక్కువ తిన్న కుక్కల మధ్యస్థ ఆయుర్దాయం 11.2 ఏళ్లు, తక్కువ తిన్నవాటిది 13. కీళ్లవాతానికి దీర్ఘకాలం మందులు వాడాల్సిన పరిస్థితి కూడా వీటికి దాదాపు మూడేళ్లు ఆలస్యంగా వచ్చింది. ఆహారం అమ్ముకునే సంస్థ చేసిన పరిశోధనను నమ్మొచ్చా అన్న సందేహం న్యాయమైనదే. కానీ అందులో తేలింది తక్కువ పెట్టాలని. అమ్మకాలు పెంచే మాట కాదది. ఒక్క జాతి మీదే జరిగింది కనుక ఆ అంకెల్ని ప్రతి కుక్కకూ అంటగట్టలేం. అయినా తిండి మారకుండా, కొలత ఒక్కటి మారితేనే ఇంత తేడా వచ్చిందన్నది చిన్న విషయం కాదు.

అలాగని ఏది పెట్టినా ఒకటేనని కాదు. మన ఇళ్లలో కుక్కకు పెరుగన్నం పెట్టడం మామూలే. తాతల నాటి కుక్కలు అదే తిని బతకలేదా అంటారు. అవి ఊరంతా తిరిగేవి. ఎముకలు, మాంసపు ముక్కలు, వేటలో చిక్కినవి తినేవి. ఫ్లాట్‌లో ఉండే కుక్కకు గిన్నెలో మనం వేసిందే గతి. అన్నాన్ని అరిగించుకునే శక్తి కుక్కకు ఉంది, కానీ ఒంటికి కావలసిన ప్రొటీన్, కాల్షియం అందులో చాలవు. ఒట్టి చికెన్ పెట్టినా కాల్షియం లోటు తీరదు. పిల్లి సంగతి ఇంకా కచ్చితం. దానికి టారిన్ అనే పోషకం తినే ఆహారం నుంచే అందాలి. అది తక్కువైతే పిల్లుల గుండె కండరం బలహీనపడుతుందని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు చూపించారు. కుక్క ఫుడ్‌లో అది చాలినంత ఉంటుందన్న హామీ లేదు కాబట్టి పిల్లికి దాన్ని అలవాటు చేయకూడదు. ప్యాకెట్ కొనేటప్పుడు ముందువైపు బొమ్మలు కాకుండా వెనకవైపు అక్షరాలు చూడాలి: అది సంపూర్ణ ఆహారమా, ఏ వయసుకు ఉద్దేశించింది అన్నవే ముఖ్యం. ఇంటి వంటే పెట్టాలనుకుంటే తప్పేమీ లేదు, పాళ్లు మాత్రం పశువైద్యుడు చెప్పాలి.

ఎంత పెట్టాలో చెప్పే ప్యాకెట్ మీది పట్టిక కూడా మొదటి అంచనాకే పనికొస్తుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన జంతువుకు తిండి అవసరం తగ్గుతుంది. పాత కొలతే కొనసాగితే ఒళ్లు చేస్తుంది. అందుకే అసలు తీర్పు జంతువు ఒంటిదే. పక్కటెముకల మీద చేయి ఆనిస్తే నొక్కకుండానే తగలాలి, పైనుంచి చూస్తే నడుము కనిపించాలి. బొచ్చు దట్టంగా ఉంటే కళ్లను నమ్మకుండా తూకం వేయాలి: జంతువును ఎత్తుకుని నిలబడి చూసిన బరువులోంచి మన బరువు తీసేస్తే చాలు. మూడు కిలోల పిల్లి అరకిలో పెరగడం అంటే అరవై కిలోల మనిషి పది కిలోలు పెరగడమే. బిస్కెట్లు, రొట్టెముక్కలు వంటి చిరుతిళ్లు రోజు మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకూడదు. ఇంట్లో నలుగురూ తలో ముక్క వేస్తే ఆ లెక్క ఎవరికీ తెలియదు.

అంత ఆశగా చూస్తుంటే పెట్టకుండా ఎలా ఉంటాం అన్న మాటలో ప్రేమ ఉంది. కానీ అడిగిన ప్రతిసారీ దొరుకుతుందని తెలిస్తే ఆకలి లేకున్నా అడుగుతుంది. తగ్గించడం అంటే పస్తు పెట్టడం కాదు. ముఖ్యంగా లావు పిల్లి కొన్ని రోజులు తిండి మానేస్తే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికి వస్తుంది. బరువులో వారానికి ఒకటి రెండు శాతం మించకుండా, పశువైద్యుడి సలహాతో తగ్గించాలి. ఇవాళే మీ పెంపుడు జంతువును తూచి, ఆ అంకెను క్యాలెండర్ మీద రాయండి. నెల తిరిగేసరికి మళ్లీ తూచండి.