వీపు మీద 23 కిలోలు

మన ఇళ్ళలో దాదాపు అందరి దగ్గరా ఒక చిన్న వస్తువు ఉంటుంది. కొక్కేనికి సూట్‌కేసు తగిలించి పైకెత్తితే బరువు చూపించే లగేజి కాటా. హైదరాబాదు నుంచి తిరుగు ప్రయాణానికి ముందురోజు రాత్రి దానికి చేతినిండా పని. ఆవకాయ సీసా ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి, సున్నుండల డబ్బా ఆ పెట్టెలోంచి ఈ పెట్టెలోకి మారుతూ ఉంటాయి. పక్కన అమ్మ "గోంగూర మాత్రం తియ్యకురా" అని బతిమాలుతూ ఉంటుంది. 23 కిలోలకి గ్రాము మించకుండా సర్దడంలో మన తెలుగువాళ్ళని మించినవాళ్ళు లేరు.

అలాంటి నేను పిల్లలతో మొదటిసారి కొండల్లోకి నడవడానికి వెళ్ళినప్పుడు ఆ కాటాని సొరుగులోంచి బయటికి తియ్యనేలేదు. దాని ఫలితమే ఈ వ్యాసం.

సీత్‌వెయిట్‌లో మొదలైన కథ

మేం ఉండేది రెడింగ్‌లో. నేను ఐటీ కన్సల్టెంటుని, వారమంతా కుర్చీలోనే. పిల్లలు కంప్యూటర్ గేముల్లో మునిగిపోతున్నారని, మే నెల హాఫ్ టర్మ్ సెలవుల్లో లేక్ డిస్ట్రిక్ట్ తీసుకెళ్ళాను. అప్పటికి మా అమ్మాయికి పన్నెండు, మా బుడ్డోడికి తొమ్మిది.

ప్లాను చాలా సులువైనది. బారోడేల్ లోయ చివర ఉన్న సీత్‌వెయిట్ నుంచి బయల్దేరి, స్టాక్లీ బ్రిడ్జ్ అనే రాతి వంతెన దాటి, స్టైహెడ్ టార్న్ మీదుగా కనుమ ఎక్కి అవతలి వైపు వాస్‌డేల్‌లోకి దిగాలి. కొండల్లో ఉండే చిన్న చెరువుని అక్కడివాళ్ళు 'టార్న్' అంటారు. వాస్‌డేల్‌లో నేషనల్ ట్రస్ట్ వారి క్యాంప్‌సైట్‌లో ఒక రాత్రి పడుకుని మర్నాడు అదే దారిన వెనక్కి రావాలి. మొత్తం నడక ఒక వైపుకి ఎనిమిది కిలోమీటర్ల లోపే. ఇంతేగదా అనుకున్నాను. ఇంగ్లండులో మనుషులు కాపురముండే చోట్లలోకెల్లా ఎక్కువ వాన కురిసేది సీత్‌వెయిట్‌లోనే అన్న సంగతి తర్వాత తెలిసింది.

వంతెన దాటేసరికి వాన మొదలైంది. స్టైహెడ్ టార్న్ దగ్గరికి వచ్చేసరికి ఎదురుగాలి. అంతవరకూ "ఇంకెంత దూరం నాన్నా?" అని నిమిషానికోసారి అడుగుతున్న మా వాడు ఉన్నట్టుండి మాటలు మానేశాడు. ఒక బండ మీద కూలబడ్డాడు. చాక్లెట్ ఇస్తే కాగితం విప్పడానికి వేళ్ళు సాగలేదు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. జీన్స్ ప్యాంటు తడిసి కాళ్ళకి అతుక్కుపోయింది.

వాణ్ణి ఎత్తుకుందామని వంగాను. లేవలేకపోయాను. వీపు మీద బ్యాగు అంత బరువుంది. అన్నం, పప్పు, కుక్కర్, గుడారం అన్నీ మోస్తున్న నా వీపు మీద నా కొడుక్కి చోటు లేదు. ఆ క్షణం నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

అటుగా దిగుతున్న పెద్దవయసు దంపతులు ఆగారు. వాడి తడి చొక్కా విప్పించి వాళ్ళ పొడి స్వెట్టరు తొడిగారు, ఊలు టోపీ పెట్టారు, ఫ్లాస్కులోంచి వేడి టీ కొద్దికొద్దిగా తాగించారు. నా బ్యాగు ఒక బండ చాటున వదిలేసి వాణ్ణి వీపు మీద వేసుకుని కిందికి దిగాను. సీత్‌వెయిట్ చేరి కారులో హీటర్ వేశాక వాడు "ఆకలేస్తోంది" అన్నాడు. మా ఆవిడ అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు ఏడ్చింది. విడిపోయే ముందు ఆ పెద్దాయన నన్ను తిట్టలేదు. "పిల్లలతో వచ్చినప్పుడు మీ బలంలో కొంత ఎప్పుడూ మిగుల్చుకోండి" అని మాత్రం అన్నారు.

కాటా బయటికి తీశాను

ఇంటికొచ్చాక హాల్లో దుప్పటి పరిచి, బ్యాగు బోర్లించి, ఒక్కొక్క వస్తువూ తూచి ఎక్సెల్ షీట్‌లో ఎక్కించాను. వృత్తిధర్మం! లెక్క ఇదీ: కారు క్యాంపింగ్ కోసం కొన్న నలుగురి గుడారం 7.2 కిలోలు, ఖాళీ బ్యాగు 2.6, స్లీపింగ్ బ్యాగ్ 1.9, ప్రెషర్ కుక్కర్ 1.6, స్టవ్, గ్యాసు 1.4, బియ్యం, పప్పు, గాజు సీసాలో ఆవకాయ 2.5, నీళ్ళు 4, బట్టలు 2.4. మొత్తం 23.6 కిలోలు. విమానంలో చెక్-ఇన్ చేసే పెట్టెని వీపుకి కట్టుకుని కొండెక్కానన్నమాట. నా బరువు 74 కిలోలు. అంటే దాదాపు మూడో వంతు.

పిల్లల సంగతి ఇంకా అన్యాయం. 40 కిలోల అమ్మాయి చేత 8.4 కిలోలు, 27 కిలోల పిల్లాడి చేత 5.6 కిలోలు మోయించాను. ఇద్దరికీ ఒంటి బరువులో అయిదో వంతు పైనే.

కొండనడకలో అనుభవమున్నవాళ్ళు చెప్పే మోటు లెక్క ఒకటుంది. పెద్దవాళ్ళు ఒంటి బరువులో అయిదో వంతు మించకుండా చూసుకోవాలి. చిన్నపిల్లలకి పదో వంతు చాలు, పన్నెండు పదమూడేళ్ళు దాటినవాళ్ళకి ఇంకొంచెం పెంచవచ్చు. ఇది శాసనం కాదు. పిల్ల ఒడ్డూ పొడుగూ, అలవాటూ చూసి తగ్గించుకోవాలే తప్ప పెంచకూడదు.

ముందు పెద్ద మూడు

గుడారం, స్లీపింగ్ బ్యాగ్, వీపు బ్యాగు. బరువు తగ్గించాలంటే ముందు ఈ మూడింటినీ చూడాలి. టూత్‌బ్రష్ పిడి విరిచి పదిగ్రాములు తగ్గించడం తర్వాతి మాట.

గుడారం: ఒక పెద్దదాని బదులు రెండు కిలోల లోపు ఉండే ఇద్దరి గుడారాలు రెండు తీసుకున్నాం. ఒక దాంట్లో తల్లీ కూతురూ, ఇంకో దాంట్లో తండ్రీ కొడుకూ. బరువు ఇద్దరికీ పంచుకోవచ్చు. కొనే ముందు షాపులో ఒకసారి, కొన్నాక పెరట్లో ఒకసారి వేసి చూడండి. చీకట్లో, వానలో మొదటిసారి వేసే పని పెట్టుకోకండి.

స్లీపింగ్ బ్యాగ్: పక్షి ఈకల నింపుడు ఉన్నవి తేలిక, వెచ్చన, ఖరీదు. కానీ తడిస్తే వెచ్చదనం పోతుంది. ఈ దేశపు వానకి, పిల్లలకి సింథటిక్‌వి నయం. సంచి మీద రాసిన 'కంఫర్ట్' ఉష్ణోగ్రత చూడండి, 'ఎక్స్‌ట్రీమ్' అంకె చూసి మోసపోకండి. కింద పరుచుకునే ఫోమ్ చాప మరవకండి. చలి పైనుంచే కాదు, నేలలోంచి కూడా వస్తుంది.

వీపు బ్యాగు: నడుము పట్టీ తుంటి ఎముకల మీద కూర్చోవాలి. బరువు చాలావరకు తుంటి మీద పడాలి, భుజాల మీద కాదు. పిల్లల బ్యాగుకి వీపు పొడవు సర్దుకునే వీలుంటే రెండు మూడేళ్ళు వస్తుంది. షాపులో ఖాళీ బ్యాగు తగిలించి చూస్తే ప్రయోజనం లేదు. లోపల బరువు పెట్టించి అటూ ఇటూ నడిపించండి. సర్దేటప్పుడు బరువైనవి వీపుకి ఆనుకుని మధ్యలో, తేలికైనవి అడుగున, వాన కోటు పైన. మన కావడి మోసేవాళ్ళు రెండు వైపులా సమం చూసుకున్నట్టే బ్యాగుకీ ఎడమా కుడీ సమంగా ఉండాలి. పైన వేసే రెయిన్ కవర్ గాలికి ఎగిరిపోతుంది. లోపల ఒక మందపాటి ప్లాస్టిక్ సంచి పెట్టి అందులో బట్టలు సర్దండి.

జీన్స్ ఇంట్లోనే ఉంచండి

నూలు మన ఎండకి అమృతం, ఇక్కడి వానకి శత్రువు. నీళ్ళు పీల్చుకుని త్వరగా ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. జీన్స్ కూడా నూలే. దానికి బదులు పిల్లల స్కూలు పీఈ పాలియెస్టర్ టీషర్టు, పైన ఫ్లీస్, ఆ పైన కుట్ల దగ్గర టేపు వేసిన వాటర్‌ప్రూఫ్ కోటూ, ప్యాంటూ చాలు. టోపీ, చేతి తొడుగులు మే నెలలో కూడా ఉండాలి. వంద మీటర్లు ఎక్కితే దాదాపు ఒక డిగ్రీ వరకు చల్లబడవచ్చు. గాలి వీస్తే ఇంకా చలి అనిపిస్తుంది.

పిల్లలు ఏడాదికో సైజు పెరుగుతారు కాబట్టి అన్నీ కొత్తవి కొననక్కర్లేదు. మా వాడి బూట్లు ఛారిటీ షాపులో దొరికాయి. స్కౌట్స్‌లో గానీ డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అవార్డులో గానీ పిల్లలుంటే గుడారాలు, బ్యాగులు అరువిస్తారేమో అడగండి. ఆ అవార్డు 1956లో మొదలైంది. 14 ఏళ్ళ పిల్లలు చేసే బ్రాంజ్ స్థాయిలోనే రెండు రోజులు, ఒక రాత్రి సొంతంగా సామాను మోసుకుని నడవాలి. మన పిల్లలు చాలామంది చేస్తున్నారు. ముందే అలవాటు చేస్తే మంచిదే కదా!

అమ్మ ఇచ్చిన సద్దిమూట

కుక్కర్ సంగతి ఫోనులో చెబితే మా అమ్మ నవ్వింది. "తిరుమల మెట్లెక్కేటప్పుడు సామాను అలిపిరిలో ఇచ్చేసి ఎక్కుతాం గదరా. అక్కడ 3,550 మెట్లకే ఆ జాగ్రత్త. నువ్వు వంటిల్లు నెత్తిన పెట్టుకెళ్ళావా?" అంది. తర్వాత తనే ఉపాయం చెప్పింది. బొంబాయి రవ్వ దోరగా వేయించి, పోపు, ఎండుమిర్చి, జీడిపప్పు, ఉప్పు కలిపి ఒక్కొక్కరికి వంద గ్రాముల చొప్పున సంచుల్లో కట్టుకోవడం. కొండ మీద మరిగే నీళ్ళు పోసి, మూతపెట్టి, టోపీ కప్పి పది నిమిషాలు ఆగితే ఉప్మా సిద్ధం. పొద్దున్న అటుకులు. దారి పొడుగునా వేరుశెనగ పట్టి. తక్కువ బరువుకి ఎక్కువ శక్తినివ్వడంలో ఇక్కడి ఖరీదైన ఎనర్జీ బార్లకి అది ఏమాత్రం తీసిపోదు. ఆవకాయ మానలేదు, గాజు సీసా మాత్రం మానేశాం.

నీరు లీటరుకి కిలో. అందరికీ పొద్దున్నే రెండేసి లీటర్లు మోయడం కంటే దారిలో వాగుల దగ్గర నింపుకోవడం మేలు. అయితే పైన గొర్రెలుంటాయి, కాచిగానీ ఫిల్టరుతో గానీ తప్ప తాగకండి. స్టవ్ ఎప్పుడూ గుడారం లోపల వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

తగ్గించకూడని బరువు

1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ళ అమెరికా అమ్మమ్మ, సొంతంగా కుట్టుకున్న గుడ్డసంచి భుజాన వేసుకుని, గుడారం బదులు షవర్ కర్టెన్ పట్టుకుని, రెండువేల మైళ్ళ పైనున్న అప్పలాచియన్ ట్రెయిల్ ఒంటరిగా పూర్తిచేసింది. మెచ్చుకోండి, కానీ పిల్లలతో అనుకరించకండి. మ్యాపు, దిక్సూచి, హెడ్ టార్చి, మందుల డబ్బా, అదనంగా ఒక పొడి స్వెట్టరు, నలుగురూ దూరి కూర్చోగల ఎమర్జెన్సీ షెల్టర్. ఇవి ఉండి తీరాలి. ఆ షెల్టర్ బరువు అరకిలో లోపే.

ప్రతి పిల్ల బ్యాగులోనూ వాళ్ళ వాన కోటు, తినుబండారం, ఈల ఉండాలి. తప్పిపోతే అమ్మ బ్యాగులో ఉన్నవి పనికిరావు. నిమిషంలో ఆరు ఈలలు వేసి, నిమిషం ఆగి, మళ్ళీ ఆరు వేస్తే సాయం కావాలని అర్థం. జవాబుగా మూడు ఈలలు వినిపిస్తాయి. ఫోను పనిచేస్తే 999కి చేసి ముందు పోలీసుని, తర్వాత మౌంటెన్ రెస్క్యూని అడగాలి. వచ్చేవాళ్ళు జీతం లేని వాలంటీర్లు. బయల్దేరే ముందు మెట్ ఆఫీసు వారి కొండల వాతావరణ సూచన చూడటం మన మర్యాద.

సమయం లెక్కకి 1892లో నైస్మిత్ అనే స్కాట్లండు ఆయన చెప్పిన సూత్రం ఉంది: అయిదు కిలోమీటర్లకి గంట, ఆరువందల మీటర్లు ఎక్కడానికి ఇంకో గంట. మా దారికి అది రెండుంపావు గంటలు చెప్పింది. పిల్లలతో రెట్టింపు వేసుకోండి.

ఇంకొక మాట. ఇంగ్లండు, వేల్స్‌లలో ఎక్కడపడితే అక్కడ గుడారం వేయడానికి స్థలం యజమాని అనుమతి ఉండాలి. డార్ట్‌మూర్ దీనికి మినహాయింపు, ఆ హక్కుని 2025లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. స్కాట్లండులో 2003 నాటి చట్టం బాధ్యతగా మసలుకునేవాళ్ళకి ఆ హక్కు ఇచ్చింది. మొదట్లో క్యాంప్‌సైట్లే మేలు.

పిల్లలూ, ఇది మీకు

నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ, 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. మొదట బండలెక్కడం నేర్చుకుంది మన భువనగిరి కొండ మీద. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్‌బాబు మీ నాన్నల్లాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాడు. 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలనీ 172 రోజుల్లో ఎక్కాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో కన్నుమూశాడు. అంతటివాడికే తప్పలేదు. కొండ అంటే భయం అక్కర్లేదు, భక్తి మాత్రం ఉండాలి.

మళ్ళీ అదే బండ దగ్గర

మరుసటి ఏడాది మే నెలలో మళ్ళీ వెళ్ళాం. "నేను రాను" అని మొదట భీష్మించుకున్నది మా బుడ్డోడే. తన బ్యాగు తనే సర్దుకోవచ్చని, కాటా వాడి చేతికే ఇచ్చాను. అంతే, ఇంట్లో అందరి సామానూ తూచి, "నాన్నా, నీకు రెండు ప్యాంట్లెందుకు?" అని నన్నే నిలదీశాడు. ఈసారి నా బ్యాగు 14 కిలోలు, అమ్మాయిది అయిదున్నర, వాడిది 2.7. అందులో ఒక బుల్లి డైనోసార్ బొమ్మ కూడా ఉంది. దానికి అనుమతి ఇచ్చాం.

స్టైహెడ్ టార్న్ దగ్గర వాడు ఆ బండని గుర్తుపట్టి దాని మీదే కూర్చుని పల్లీ పట్టి తిన్నాడు. తర్వాత నన్ను ఎగాదిగా చూసి, "ఇప్పుడు నన్ను ఎత్తుకోగలవా?" అన్నాడు. బ్యాగు దించకుండానే ఎత్తుకున్నాను. నాలుగడుగులు వేశాను. "చాల్లే, దింపు, నేనే నడుస్తా" అన్నాడు. మధ్యాహ్నం మూడింటికి వాస్‌డేల్‌లో ఉన్నాం.

వచ్చే వేసవికి మీ పిల్లలతో బయల్దేరే ముందు సొరుగులోంచి ఆ లగేజి కాటా తీయండి. అది పచ్చళ్ళకి మాత్రమే కాదు.