కథలో ఊకొట్టు తోడు

కథ చెప్పువాడు ఒక్కడైనను, కథను నడపువారు ఇద్దరు. ఆ రెండవవాడు ఊకొట్టువాడు. అతడు లేనిచో ఎంతటి కథకుడైనను గోడతో మాటలాడినట్లే యుండును. ఈ పాత సత్యమును నేటి వీడియో ఆటల రచయితలు తమ దారిలో మరల కనుగొనిరి. నాయకుని వెంట నడచు సహచరులును, దారి పొడవున వారు తమలో తాము ఆడుకొను మాటలును ఆ ఆటలకు ప్రాణమైనవి. వాని రచనా మర్మము తెలియవలెనన్న భిలాయిలో మొదలుపెట్టుట మేలు.

భిలాయి అనగానే తెలుగువారికి స్ఫురించునది ఉక్కు. 1955లో సోవియట్ దేశముతో ఒప్పందము కుదిరి, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్టు ఫర్నేసు ప్రారంభమైన ఆ కర్మాగారమునకు పనికై వచ్చినవారిలో తెలుగు కుటుంబములును కలవు. ఆ పట్టణమునకు చేరువనున్న గనియారీ గ్రామము పండవానీ గాయని తీజన్ బాయి పుట్టినయూరు. ఆమె ఆ కర్మాగారములో ఉద్యోగము కూడ చేసిరి. 2019లో పద్మవిభూషణ పురస్కారమందిరి. పండవానీ యనగా ఛత్తీస్‌గఢీ భాషలో పాండవుల కథాగానము. ఆమె చేతి తంబురా ఒకప్పుడు భీముని గద, మరియొకప్పుడు అర్జునుని విల్లు. సభవారి కన్నులన్నియు ఆమెపైననే నిలిచెడివి. కాని వాద్యకారులతో కూర్చున్న ‘రాగి’ని కూడ గమనింపవలెను. అతడు ఊకొట్టును, ‘తరువాత నేమైన’దని యడుగును, ఆశ్చర్యపడును, సందేహించును, పరిహాసమాడును. సభలోని సామాన్యుడు అడుగదలచి అడుగలేని ప్రశ్నను అతడు అడుగును.

మన బుర్రకథలోని వంతలు ఈ రాగికి దాయాదులే. కథకునికి ఇరుప్రక్కల నిలుచు ఇద్దరిలో ఒకడు హాస్యమును, మరియొకడు రాజకీయమును పలుకును. 1940ల దశాబ్దిలో ప్రజానాట్యమండలి కాలమున, షేక్ నాజరు వంటి కళాకారులు ఈ కళను ఊరూరికి కొనిపోయినప్పుడు, పాత కథలోనికి నాటి లోకమును తెచ్చిన నోరు ఈ వంతదే. అయినను భాషలో వంతకు అన్యాయము జరిగినది. ‘తాన యంటే తందాన’ యనుటయు, ‘వంత పాడుట’యు ముఖస్తుతికి మారుపేర్లయినవి. నిజమైన వంత తల యూపువాడు కాడు, అడ్డు ప్రశ్న వేయువాడు.

ఇక ఆటల సంగతి. 1974లో అమెరికాలో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆట వెలువడినది. మిత్రులు బల్లచుట్టు కూర్చుండి ఒకడు యోధుడు, ఒకడు మాంత్రికుడు అయి, నోటిమాటతోనే కథను నడపుదురు. వారి ఎకసక్కెములు ఆ ఆటలో సగము సంతోషము. ఆ పద్ధతి కంప్యూటరులోనికి చేరినప్పుడు ఆడువాడు ఒంటరివాడైనాడు. బల్లచుట్టు మిత్రులు లేరు. ఆ లోటును పూరించుటకు రచయితలు మాటలు నేర్చిన సహచరులను సృష్టించిరి. 1998లో వెలువడిన, కెనడాలోని బయోవేర్ సంస్థ రూపొందించిన ‘బాల్డర్స్ గేట్’లో మిన్‌స్క్ అను వీరుడు చిట్టెలుక వంటి చిన్న జంతువును వెంట నుంచుకొని, దానిని మహాజ్ఞానిగా భావించును. 2009 నాటి ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’లో అలిస్టర్ మాంత్రికులను అదుపుచేయు శిక్షణ పొందినవాడు, మోరిగన్ ఏ అదుపునకు లోబడని మాంత్రికురాలు. ఆడువాడు ముందు నడచుచుండగా వీరిద్దరు వెనుక కీచులాడుకొందురు. అతడు ఊరక వినును. ఆ దేశమున శాసనమునకును స్వేచ్ఛకును గల వైరము పది పుటల వర్ణన లేకయే అతనికి బోధపడును.

ఈ రచన పైకి తేలిక, లోపల కష్టము. పదిమంది సహచరులున్నచో వారిలో నలుబది యైదు జంటలు ఏర్పడును. ఒక మారు వెంట వచ్చువారు ముగ్గురే యైనచో వినబడునవి మూడు జంటల మాటలే. తక్కినవన్నియు ఆ ఆటగానికి ఎన్నడును వినబడకపోవచ్చును. అయినను వ్రాయక తప్పదు. ప్రతి సంభాషణయు పొట్టిదై, యుద్ధము వచ్చి నడుమ తెగినను చెడనిదై యుండవలెను. ఎవరు బ్రతికియున్నారో, ఏ పని జరిగినదో యెరిగి పలుకవలెను. రాగి ఎదుటి సభను చూచి పలుకును. ఆట రచయిత కనబడని శ్రోతకై ముందుగానే ఊకొట్టవలెను.

సహచరునికి మరియొక అధికారము కలదు. నాయకుడు క్రూరుడైనచో అతడు నిరసించును. కొన్ని ఆటలలో విడిచిపోవును. పెక్కు ఆటలలో ఈ ఇష్టానిష్టములను యంత్రము అంకెలతో కొలుచును. విడిచిపోగల తోడు కనుకనే అతని మెప్పునకు విలువ కలిగినది.

ఇక్కడ తెలుగు రచయితకు పని యున్నది. ఆంగ్లమున ఎదుటివానిని పిలుచుటకు ఒక్క సర్వనామమే వాడుకలో నున్నది. మనకు నీవు, మీరు, తమరు. బావ, వదిన, మామ, ఒరే! ‘మీరు’ అనుచు వచ్చిన సహచరి ఒకనాడు ‘నీవు’ అన్నచో స్నేహమో, కోపమో ఆ ఒక్క మాటలోనే తెలియును; అంకె చూపనక్కరలేదు. భిలాయి వంటి తావున హిందీ, ఆంగ్లములలో చదువుకొను తెలుగు పిల్లవానికి గ్రంథభాష కొరుకుడు పడకున్నను, ఇంటిలో మేనమామ చేయు ఎగతాళి బోధపడవచ్చును. అటువంటి పలుకుబడిని ఆంగ్లమునుండి అనువదించి తెచ్చుకొనలేము, తెలుగున పుట్టవలసినదే. దానిని వ్రాయదలచినవాడు కొత్త విద్య కొరకు దూరము పోనక్కరలేదు. వంతల మాటను మరల చెవియొగ్గి వినిన చాలును.