పనియు మనఃక్షేమమును

ప్రతి వత్సరమును మన పాఠశాల విడిచిపోవు విద్యార్థులలో కొందరు పై చదువులకును, కొందరు పనులలోనికిని బోవుచుందురు. ఒకనికి పని దొరకినదని విన్నతోడనే మనము మొదట నడుగు ప్రశ్న "జీతమెంత?" యనునది. అది తగిన ప్రశ్నయే. కాని మనుష్యుని దినములో పెద్ద భాగము పనిలోనే గడచును గదా! ఆ పని వాని మనస్సునకు బలము నిచ్చుచున్నదా, లేక వానిని చెరకుగడవలె పిండి పిప్పిచేయుచున్నదా యని యడుగువా రరుదు. ఈ రెండవ ప్రశ్నకు సానుకూల మనస్తత్వశాస్త్రము, అనగా పాజిటివ్ సైకాలజీ, కొంత సమాధానము చెప్పుచున్నది. దానిని మన చదువరులకు సులభముగా దెలుప నుద్దేశించితిమి.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసినపిమ్మట మనస్తత్వశాస్త్రజ్ఞులు మనోవ్యాధుల కారణములను, చికిత్సలను వెదకుటయందే ముఖ్యముగా శ్రద్ధ వహించిరి. అందువలన లోకమునకు గొప్ప మేలు కలిగినది. అయినను వ్యాధి లేకుండుట వేరు, వర్ధిల్లుట వేరు. కలుపు తీసినంతమాత్రమున పైరు పండదు; నీరును ఎరువును గూడ కావలయును. 1998 వ సంవత్సరమున అమెరికా మనస్తత్వశాస్త్ర సంఘమున కధ్యక్షుడుగా నుండిన మార్టిన్ సెలిగ్మన్ ఈ భేదమును నొక్కి చెప్పి, మనుష్యులు దేనివలన వర్ధిల్లుదురో దానినిగూడ పరిశోధింపవలెనని తోడి శాస్త్రజ్ఞులను కోరెను. 2011 లో ఆయన ప్రచురించిన గ్రంథమున క్షేమమునకు అయిదంగములు చెప్పబడినవి: ఆహ్లాదము, పనిలో లీనమగుట, సత్సంబంధములు, జీవితమున కర్థము, కార్యసిద్ధి. వీనిలో ఆహ్లాద మొకటి మాత్రమేయని గమనింపవలెను. ఎల్లప్పుడు నవ్వుచుండుడని యీ శాస్త్రము బోధించుటలేదు.

పనిచేయుచోట ఇవి యెట్లు కలుగునో రెండు మూడు దృష్టాంతములవలన దెలియగలదు. ఏమీ రెజ్నెస్కీ, జేన్ డటన్ అను విదుషీమణులు అమెరికాలోని యొక ఆసుపత్రిలో గదు లూడ్చి శుభ్రపరచువారితో సంభాషించి, తమ యభిప్రాయములను 2001 లో ప్రకటించిరి. అందరిదియు నొకటే పని. కాని కొందరు దానిని తక్కువ పనిగా నెంచి, విధించినంతవరకు చేసి యూరకుండిరి. మరికొందరు రోగులను పలుకరించి, వారిని చూడవచ్చిన బంధువులకు దారి చూపి, తామును రోగులను స్వస్థపరచువారిలో జేరినవారమని తలచిరి. చేతిలోని చీపురు మారలేదు. దానిని పట్టినవారి దృష్టి మారినది. ఇట్లు తన పనిని తానే కొంత దిద్దుకొనుటకు ఆ విదుషీమణులు "జాబ్ క్రాఫ్టింగ్" అని పేరు పెట్టిరి.

అయితే ఈ దృష్టి కలుగుటకు తోడ్పడుట పై యధికారుల విధి. ఒక విశ్వవిద్యాలయమునకు టెలిఫోనుమూలమున చందాలు వసూలుచేయువారిని ఆడమ్ గ్రాంట్ అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును పరీక్షించి, 2007 లో ఫలితములు ప్రకటించిరి. దినమంతయు తిరస్కారములు వినవలసిన పని యది. వారిలో కొందరికి, ఆ చందాలవలన విద్యార్థివేతనము పొందిన యొక విద్యార్థితో అయిదు నిమిషములు మాటలాడు నవకాశము కల్పింపబడెను. నెల గడచిన పిమ్మట చూడగా, వారు టెలిఫోనులో మాటలాడు కాలము మునుపటికంటె నూటికి 142 వంతులును, వసూలుచేయు సొమ్ము నూటికి 171 వంతులును హెచ్చెను. వారికి నీతిబోధ చేసినవారు లేరు. తమ శ్రమఫలము నొక మనుష్యుని ముఖమున చూచిరి; అంతియే.

మూడవ సంగతి తోడివారితోడి సంబంధము. ఏమీ ఎడ్మండ్‌సన్ అను విదుషి ఆసుపత్రులలో మందు లిచ్చుటయందు జరుగు పొరపాట్లను పరిశీలింపబూనెను. చక్కగా కలిసి పనిచేయు బృందములలో పొరపాట్లు తక్కువగా నుండునని యామె తలచెను. లెక్కలు విపరీతముగా కనబడెను: మంచి బృందములలోనే పొరపాట్లు ఎక్కువ నమోదైనవి! విచారింపగా, అచ్చటివారు తమ తప్పులను భయములేక చెప్పుకొనుచుండిరనియు, ఇతరచోట్ల దాచుచుండిరనియు నామెకు తోచెను. ఇట్టి నిర్భయస్థితియే దిద్దుబాటునకు మూలమని 1999 లో ప్రకటించిన వ్యాసములో నామె వివరించెను. తరగతిలో "నాకు తెలియలేదండి" యని లేచి చెప్పగల బాలుడు రేపు కార్యాలయమున తన తప్పును దాచడు.

ఇక నొక హెచ్చరిక. ఈ శాస్త్రమును దుర్వినియోగము చేయుట సులభము. మేము పూర్వము పనిచేసిన యొక కార్యాలయమున గోడకు "చిరునవ్వుతో పనిచేయుడు" అను పలక వ్రేలాడుచుండెను. దాని క్రిందనే కూర్చుండి, రెండు నెలల జీతమందని గుమాస్తా యొకడు ఇంటి బాడుగకు అప్పు పుట్టక, తలవంచుకొని లెక్కలు వ్రాయుచుండెను. ఆ పలకను చూచునప్పుడెల్ల మాకును సిగ్గు కలిగెడిది. అయినను అతని పక్షమున మేము నోరు తెరువలేదు. చెప్పవలసినది చెప్పనైతిమని నేటికిని చింతించుచున్నాము. జీతమును, విశ్రాంతిని, న్యాయమును ఇయ్యక సంతోషమును మాత్రము కోరుట, నీరు పోయక పండ్లు కోరుటవంటిది. 2019 లో ప్రపంచ ఆరోగ్యసంస్థ "బర్న్‌అవుట్" అను మానసికమైన అలసటను వర్ణించుచు, అది పనిచేయుచోట చిరకాలముండి చక్కబెట్టబడని యొత్తిడివలన కలుగునని చెప్పినది. కావున దోషమంతయు పనివాని మనస్సుమీద మోపరాదు.

శాస్త్రమునందును తొందరపాటు కలదు. మంచి భావములు చెడ్డ భావములకు సుమారు మూడింతలున్నచో మనుష్యుడు వర్ధిల్లునని 2005 లో గణితముతో నిరూపించినట్లు ప్రకటింపబడినది. ఆ గణితము నిరాధారమని 2013 లో మరి ముగ్గురు చూపిరి. ఇట్లు తన తప్పు నొప్పుకొని దిద్దుకొను శాస్త్రమునే మనము నమ్మదగును.

ఇంతకును మనము చేయదగిన దేమి? విద్యార్థులారా, రాత్రి పరుండుటకు ముందు ఆ దినమున జరిగిన మంచి సంగతులు మూడింటిని, వాని కారణములతో గూడ నొక వారము వ్రాసి చూడుడు. 2005 లో సెలిగ్మనును సహచరులును చేసిన పరీక్షలో ఈ చిన్న యభ్యాసము మేలుచేసినట్లు కనబడినది. తలిదండ్రులారా, పనినుండి వచ్చిన కుమారుని, కుమార్తెను "నేడు నీవలన ఎవరికి మేలు కలిగినది?" అనియు నడుగుడు. మనచేతిక్రింద పనిచేయువారున్నచో, వారి జీతమును వేళకిచ్చి, వారు చెప్పునది విని, వారి శ్రమ యెవరికి ఉపయోగపడినదో వారికి చూపుదము. గంట కొట్టువాడు లేనిదే మన పాఠశాల తెరువబడదు. ఆ మాట ఆతనితో నెన్నడైన చెప్పితిమా?