‘ఏజెన్సీ’ – ఎవరు ఎవరికి యిచ్చిన అధికారం?

మాటలకు చరిత్ర వుంటుంది. అది మరుగున పడితే మాట అమాయకంగా కనిపిస్తుంది. మన కథల్లో, విమర్శల్లో అట్లా అమాయకంగా తిరుగుతున్న మాట ‘ఏజెన్సీ’.

మా యారాడ పిల్లల్ని యీ మాటకు అర్థమడిగితే రెండు జవాబులొస్తాయి. కొండకు అవతల రేవు వుంది గనుక, ఓడల వ్యవహారాలు చూసే కంపెనీ అంటారు కొందరు. పాడేరు, చింతపల్లి అడవులంటారు మరికొందరు. సంబంధం లేనట్టు కనిపించే యీ రెండర్థాలకూ మూలం ఒకటే.

లాటిన్‌లో ‘అగెరె’ అంటే నడపడం, చేయడం. దాన్నుంచి వచ్చిన ‘ఏజెంట్’ చేసేవాడు. వ్యాపారంలో, న్యాయశాస్త్రంలో అతడు ‘యింకొకరి తరఫున చేసేవాడు’ అయ్యాడు. ‘డెలిగేట్’ కూడా యీ కోవలోదే. దాని మూలధాతువు ‘లెగారె’కు పని అప్పజెప్పి పంపడమని అర్థం. అరబ్బీ నుంచి మనకు వచ్చిన ‘వకీలు’ కూడా ప్రతినిధే. అందుకే అడగకుండా ఒకరి తరఫున మాట్లాడేవాణ్ణి “నువ్వెందుకు వకాల్తా పుచ్చుకుంటావు?” అని నిలదీస్తాం. అధికారం అప్పజెప్పడమంటే అప్పజెప్పేవాడు ఒకడుండాలని మన జాతీయానికి తెలుసు.

మరి కొండల్లో అప్పజెప్పిందెవరు? 1839లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం 24వ నంబరు చట్టం చేసింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాలను మామూలు కోర్టుల పరిధినుంచి తప్పించింది. కలెక్టరునే ‘గవర్నరు ఏజెంటు’గా నియమించి న్యాయవిచారణ, పోలీసు, శిస్తు వసూలు – మూడూ అతని చేతిలో పెట్టింది. ఆ ఏజెంటు అధికారం చెల్లే నేల ‘ఏజెన్సీ’ అయింది. అంటే అది అడవి పేరు కాదు, కొండ పేరు కాదు. ఒక వుద్యోగి హోదా పేరు.

అప్పగింత అక్కడితో ఆగలేదు. ఏజెంటు కింద డిప్యూటీలు, వూళ్ళమీద సనదులు పొందిన ముఠాదారులు. గవర్నరు నుంచి ముఠాదారు దాకా అధికారం మెట్టుమెట్టుగా దిగింది. కొండజనం దగ్గరికి వచ్చేసరికి మిగిలింది శిస్తూ వెట్టీ. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనుల్లో చాలీచాలని కూలికి జనంచేత చాకిరీ చేయించాడు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొరల దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరసగా దాడిచేసింది. తాము యివ్వని అధికారాన్ని కొండజనం తిరస్కరించడంగానే దీన్ని చూడాలి.

విచిత్రమేమంటే సామాజిక శాస్త్రాలు యిదే మాటను తలకిందులు చేశాయి. అక్కడ ‘ఏజెన్సీ’ అంటే మనిషి తనంతట తాను నిర్ణయించుకుని ఆచరించగల శక్తి. ‘చేసేవాడు’ అన్న మొదటి అర్థానికి యిదే దగ్గర. 1996లో పార్లమెంటు చేసిన పీసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో భూసేకరణకు ముందు గ్రామసభను గాని తగిన స్థాయి పంచాయతీని గాని సంప్రదించాలన్నది. ఆ సంప్రదింపు కాగితం మీది తంతుగా ముగుస్తుందా, జనం మాటకు విలువ తెస్తుందా అన్నదే అసలు ప్రశ్న.

రచయితలకు యిందులో పనేమిటి? మనం రాసే ‘ఏజెన్సీ కథ’ల్లో తరచు కొండమనిషి బాధపడతాడు, మైదానంనుంచి వెళ్ళిన మేష్టరో, డాక్టరో, కార్యకర్తో ఆలోచిస్తాడు, నిర్ణయిస్తాడు, రక్షిస్తాడు. సానుభూతికి లోటుండదు. కాని కథ నిర్మాణం 1839 నాటిదే. గవర్నరు స్థానంలో రచయిత కూర్చుంటాడు, ఏజెంటు స్థానంలో పాత్ర నిలబడుతుంది.

మాట మార్చేస్తే సరిపోదు. ‘మన్యం’ అని రాసి పాత చూపుతోనే చూడవచ్చు. కొండమనిషి తరఫున మాట్లాడే ముందు ఆ వకాల్తా తనకెవరిచ్చారని రచయిత ప్రశ్నించుకోవాలి. కథలో ఆ మనిషి ఒక్క నిర్ణయమైనా తానే చేశాడా అన్నది విమర్శకుడు చూడాలి. ‘ఏజెన్సీ’ అన్న మాట దొరతనంనుంచి విడుదలయ్యేది అప్పుడే.