చదువుకొను పిల్లలకు ప్రొద్దుటి ఆహారము

పల్లె నుండి పట్టణపు కళాశాలకు పోవు పిల్లలు మీ ఇంటను ఒకరిద్దరు ఉండవచ్చును. మొదటి బస్సు ఏడు గంటలకు ముందే వచ్చును. ఆ వేళకు వంట కాదు. అమ్మాయి ఒక గ్లాసు టీ త్రాగి, రెండు బిస్కత్తులు నోట వేసికొని పరుగెత్తును. కడుపునిండ తినుట మరల మధ్యాహ్నము ఒంటిగంటకే. ముందురాత్రి ఎనిమిదింటికి భోజనము చేసినదనుకొన్నను, నడుమ పదిహేడు గంటలు గడచును. మేత వేయకుండ ఎద్దును కాడికి కట్టు రైతు మనలో లేడు.

ఆకలి కడుపున ఉదయపు పాఠములు తలకెక్కవు. అంతకంటె పెద్ద నష్టము రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటను 15 నుండి 19 ఏండ్ల బాలికలలో సగము కంటె ఎక్కువ మందికి రక్తహీనత కలదని తేలినది. టీ, బిస్కత్తులతో పూట గడుపుట దీనికి తోడగును. "చదువు మీద శ్రద్ధ లేదు, ఎప్పుడు చూచినను పడుకొనును" అని కసరుకొనుటకు ముందు ఆ పిల్ల కనురెప్ప లోపలి రంగు చూడుడు. పాలిపోయి ఉన్నచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున రక్తపరీక్ష చేయించుడు.

చిత్రమేమనగా, పిల్లలకు కావలసిన ఆహారము చాలవరకు మీ చేలోనే పండుచున్నది. వేరుశనగ బస్తాలన్నియు కాటాకు పోవును. పాలు కేంద్రమునకు పోవును. గ్రుడ్లు సంతకు పోవును. వచ్చిన డబ్బుతో బిస్కత్తు పొట్లములు కొందురు. ఇది గిట్టు బేరమేనా?

లెక్క వేసి చూడుడు. రోజునకు 40 గ్రాముల వేరుశనగ పప్పు పెట్టినచో సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు లభించును. కళాశాల నడచు దినములు 220 అనుకొన్న, ఏటికి 8 కిలోల 800 గ్రాముల పప్పు కావలెను. కాయకు నూటికి 70 పాళ్ళు పప్పు వచ్చిన, ఒక విద్యార్థికి పన్నెండున్నర కిలోల కాయ చాలును. అమ్మకమునకు ముందే దీనిని వేరుగా కట్టి ఉంచుడు. బాగుగా ఎండి, ఊపినప్పుడు గలగలలాడు కాయనే దాచవలెను. బూజు పట్టినవి, రంగు మారినవి, ముడుచుకొన్నవి ఏరి పారవేయుడు. వాటిలో అఫ్లటాక్సిన్ అను బూజు విషముండవచ్చును. వేయించినను అది పూర్తిగా పోదు. మంచి కాయను అమ్మి తాలుకాయను ఇంటికి మిగుల్చుకొను అలవాటు కొందరికి కలదు. అది మానవలెను.

వేయించిన పప్పును బెల్లముతో దంచి ఆదివారమునాడు ఉండలు కట్టిన వారమంతయు వచ్చును. బస్సులో కూర్చుండియు తినవచ్చును.

రాయలసీమ వారికి రాగి అంబలి క్రొత్త కాదు. 100 గ్రాముల రాగులలో సున్నపు ధాతువు సుమారు 350 మిల్లీగ్రాములుండగా, పాలిషు బియ్యములో పది మిల్లీగ్రాములకు మించదు. రాత్రి రాగిపిండి కాచి, చల్లారిన పిదప మజ్జిగ కలిపి మూతపెట్టిన, ప్రొద్దుట ఉప్పు వేసికొని త్రాగి పోవచ్చును. వరి తినువారు రాత్రి అన్నములో గోరువెచ్చని పాలు పోసి తోడు వేసిన, తెల్లవారుసరికి పెరుగన్నము సిద్ధముగా నుండును. చద్దన్నమనిన నేటి పిల్లలు సిగ్గుపడుదురు. ఆ సిగ్గు పోవలెనన్న ఇంటి పెద్దయు వారితో కూర్చుండి తినవలెను.

మధ్యాహ్నపు క్యారియరులో మునగాకు పప్పో, తోటకూరయో ఉండవలెను. దానిపై నిమ్మకాయ పిండిన, ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగుగా పట్టును. అన్నముతోపాటు టీ త్రాగిన పట్టదు. గంట ఎడమిచ్చి త్రాగుమని చెప్పుడు. పాఠశాలలో వారమునకొకసారి ఇచ్చు ఇనుము మాత్రను కూడ భోజనము చేసిన తరువాతనే మ్రింగవలెను. ఖాళీ కడుపున వేసికొని, వికారము పుట్టినదని దానిని పారవేయు పిల్లలు కలరు.

హాస్టలులో నుండు పిల్లలకు ఉండలకు బదులు వేయించిన పప్పును, బెల్లమును వేరువేరుగా గాలి చొరని డబ్బాలలో పోసి పంపుడు. గదిలోని స్నేహితులకును చాలునట్లు పంపవలెను; లేనిచో మూడవనాటికే డబ్బా ఖాళీ యగును.